కాలనీ పార్కు, రోడ్డు ప్లాన్ మీద మున్సిపాలిటీని లెక్క అడగడం: సమాచార హక్కు దరఖాస్తు విధానం

వినతిపత్రం ఇస్తే ఇన్‌వార్డులో ముద్ర కొట్టి తీసుకుంటారు, ఆ తర్వాత దాని సంగతి దేవుడికెరుక. పార్కు స్థలంలో ఎవరో గోడ లేపుతున్నా, రోడ్డు వెడల్పు చేస్తామని చెట్లకు నంబర్లు వేసి పోయినా మనవాళ్లు ముందు ధర్నాకో, వాట్సాప్ గ్రూపులో తిట్లకో దిగుతారు. నా మాట వింటే ముందు కాగితం తెప్పించుకోండి. లేఅవుట్ ప్లాన్, కౌన్సిల్ తీర్మానం కాపీ చేతిలో ఉన్నవాళ్లతో ఆఫీసులో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. ఆ కాగితం తెచ్చిపెట్టేది సమాచార హక్కు చట్టం (ఆర్‌టీఐ), 2005. కింద రాసింది తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటికీ పనికొస్తుంది.

ముందు ఎవరిని అడగాలో చూసుకోండి. లేఅవుట్‌లో వదిలిన ఖాళీ స్థలం, పార్కు, కాలనీ రోడ్లు అయితే మున్సిపల్ ఆఫీసే, అందులో టౌన్ ప్లానింగ్ సెక్షన్. ఊరి మధ్య నుంచి పోయే పెద్ద రోడ్డు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ)ది అయి ఉండొచ్చు, జాతీయ రహదారి అయితే కేంద్రం కిందికి పోతుంది, బస్సు రూటు సంగతి ఆర్టీసీని అడగాలి. ఒకవేళ వేరే ఆఫీసుకు ఇచ్చినా టెన్షన్ పడక్కర్లేదు, సెక్షన్ 6(3) ప్రకారం అయిదు రోజుల్లో వాళ్లే సరైన ఆఫీసుకు పంపాలి.

దరఖాస్తుకు పెద్ద ఫారం ఏమీ లేదు. తెల్ల కాగితం మీద, తెలుగులోనే, "పౌర సమాచార అధికారి, పురపాలక సంఘ కార్యాలయం" అని చిరునామా రాసి, "సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(1) కింద దరఖాస్తు" అని విషయం రాసి, మీ పేరు, చిరునామా, సంతకం పెడితే చాలు. ఆ అధికారి ఎవరో ఆఫీసులో బోర్డు మీద ఉండాలి. ఎందుకు అడుగుతున్నారో చెప్పమంటే చెప్పనక్కర్లేదు, సెక్షన్ 6(2) ఆ మాటే అంటుంది. కౌంటర్ దగ్గర "నీకెందుకయ్యా ఇవన్నీ" అంటే నవ్వి ఊరుకోండి.

ఫీజు మున్సిపాలిటీలో 10 రూపాయలు. మండల స్థాయి ఆఫీసులో 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. నగదు కట్టి రసీదు తీసుకోవచ్చు, లేదా కోర్టు ఫీజు స్టాంపు అతికించవచ్చు. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లు కార్డు జిరాక్స్ జతచేస్తే ఫీజు లేదు. నకళ్లకు పేజీకి 2 రూపాయలు, పెద్ద మ్యాపులకు అయ్యే ఖర్చు వేరే. చేతికి ఇస్తే రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి, పోస్టులో అయితే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆ తేదీ లేకపోతే రేపు అప్పీలుకు ఆధారమే ఉండదు.

ఇక అసలు సంగతి, ఏం అడగాలి అనేది. సగం దరఖాస్తులు ఇక్కడే పోతాయి. "పార్కు స్థలంలో ఎందుకు కట్టనిచ్చారు?" అని రాస్తే "మీరు అడిగింది సమాచారం కిందికి రాదు" అని ఒక్క ముక్కలో తిప్పి పంపేస్తారు, చట్ట ప్రకారం అది తప్పూ కాదు. ఉన్న రికార్డు ఇవ్వడమే వాళ్ల పని, కారణాలు వెతికి రాసివ్వడం కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. కాబట్టి "ఎందుకు" మాట తీసేసి "నకలు ఇవ్వగలరు" అని రాయండి. ఇలా:

"ఫలానా సర్వే నంబర్లలో, ఫలానా ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబరుతో ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాన్ నకలు. అందులోని ఖాళీ స్థలాన్ని మున్సిపాలిటీకి రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ నకలు. ఆ స్థలంలో ఏదైనా నిర్మాణానికి అనుమతి ఇచ్చి ఉంటే ఆ ఉత్తర్వు, నోట్ ఫైలుతో (అధికారులు రాసుకున్న నోట్లతో) సహా."

రోడ్డు విషయమైతే కౌన్సిల్ తీర్మానం, ఖర్చు అంచనా, మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డు వెడల్పు చూపించే షీటు, కొట్టాల్సిన చెట్ల జాబితా, వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద తీసుకున్న అనుమతి అడగండి. ఆ చివరిది చాలాసార్లు ఫైల్లోనే ఉండదు. "మా దగ్గర అందుబాటులో లేదు" అని సంతకం పెట్టి ఇస్తే అదే మీకు పెద్ద ఆధారం. తెలంగాణలో అయితే గ్రీన్ బడ్జెట్ కూడా కలపండి. 2019 మున్సిపల్ చట్టం వచ్చాక బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టాలి, గత రెండేళ్లలో ఏ వార్డులో ఎంత ఖర్చయిందో బిల్లులతో అడిగితే బాగుంటుంది. ఒక దరఖాస్తులో ఒకే విషయం పెట్టండి, ఇరవై ప్రశ్నలు కుక్కితే వాళ్లకు సాగదీయడానికి సాకు దొరుకుతుంది.

నకళ్లే కాదు, ఫైలు కూర్చుని చూస్తానని కూడా రాయొచ్చు. మొదటి గంట ఉచితం. లావుపాటి ఫైలైతే ఇదే మేలు, ఏ పేజీలు కావాలో చూసి వాటికే డబ్బు కడతాం. గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ అయి ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫీజు కట్టి సర్టిఫైడ్ కాపీ నేరుగా తీసుకోవచ్చు, దానికి ఆర్‌టీఐ కూడా అక్కర్లేదు.

జవాబుకు 30 రోజులు గడువు. రాకపోయినా, అరకొరగా వచ్చినా అక్కడి నుంచి 30 రోజుల్లోపు అదే ఆఫీసు మొదటి అప్పీలు అధికారికి సెక్షన్ 19(1) కింద అప్పీలు పెట్టండి, ఫీజు లేదు. గడువు దాటాక ఇచ్చే సమాచారం ఉచితంగా ఇవ్వాలని కూడా అందులో రాయండి. "ఇది వ్యక్తిగత సమాచారం" అనే జవాబు వస్తే, మున్సిపాలిటీకి రాసిచ్చేసిన పార్కు ఎవరి వ్యక్తిగత ఆస్తీ కాదని సూటిగా రాయండి. పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆస్పత్రికి ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు 1991లో ఒక బెంగళూరు కేసులో తప్పుపట్టింది, ఆ ప్రస్తావనా పనికొస్తుంది.

అప్పుడూ కదలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. రోజుకు 250 చొప్పున 25 వేల దాకా జరిమానా వేసే అధికారం వాళ్లకుంది. కానీ అక్కడ ఆలస్యం మామూలుగా ఉండదు. తెలంగాణలో 2023 నుంచి 2025 దాకా కమిషనర్లే లేక ఫైళ్లు గుట్టలుగా పేరుకున్నాయి. అందుకని కమిషన్ మీదే ఆశ పెట్టుకుని కూర్చోకుండా, చేతికొచ్చిన కాగితాలతో సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇవ్వండి. ఆంధ్రలో అయితే అదే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపల పార్కు కబ్జా అయితే ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రాకు కూడా ఫిర్యాదు చేయొచ్చు.

మాస్టర్ ప్లాన్ మాత్రం వేరే లెక్క. ముసాయిదా విడుదలయ్యాక అభ్యంతరాలకు గడువు ఇస్తారు, అది దాటితే ఆర్‌టీఐ పెట్టి కాగితాలు తెచ్చుకున్నా ప్లాన్ మారడం కష్టం. 2023 జనవరిలో కామారెడ్డి రైతులు ముసాయిదా దశలోనే పట్టుబట్టారు కాబట్టే కౌన్సిల్ ఆ ప్లాన్ రద్దు చేయాలని తీర్మానం చేసింది. మీ ఊళ్లో ముసాయిదా వచ్చిందని పేపర్లో ప్రకటన కనిపిస్తే వెంటనే ఆఫీసుకు వెళ్లి మీ సర్వే నంబర్ల మీద ఏ రంగు పడిందో (అంటే ఏ వాడకానికి కేటాయించారో), ఎన్ని అడుగుల రోడ్డు గీశారో చూసుకుని, అభ్యంతరం ఎవరికి వారు విడిగా రాసి, గడువులోగా ఇచ్చి, రసీదు తీసుకోండి.