సాగర్ గేట్లు ఎత్తేలోపు లాడ్జిలో చూసుకోవాల్సినవి

నాగార్జునసాగర్ గేట్లు ఎత్తితే మన లాడ్జీలు ఒక్క రోజులో నిండిపోతాయి. అగ్నిప్రమాదం జరగకుండా, గదులు ఇచ్చే ముందే ఇవి చూడండి.

ముందు మెట్లు. పాత పరుపులు, దుప్పట్ల మూటలు మెట్ల కింద ఉంటే ఈరోజే తీసేయండి. వెనక తలుపుకు తాళం వేయొద్దు.

సెల్లార్‌లో ఎలక్ట్రిక్ బండ్లకు ఛార్జింగ్ వద్దే వద్దు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేస్తే, పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కింది. 8 మంది చనిపోయారు. ఇప్పటికీ తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

మంటలార్పే ఫైర్ సిలిండర్ మీద ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉందా? దాన్ని వాడటం రాత్రి డ్యూటీ కుర్రాడికి వచ్చా? దగ్గరుండి నేర్పించండి. కరెంటు మంటపై నీళ్లు పోయొద్దని కూడా చెప్పండి.

రాత్రి వంటగదిలో గ్యాస్ రెగ్యులేటర్ ఆపాలి.

కౌంటర్ దగ్గర 101 నంబరు పెద్దక్షరాల్లో రాయండి. ముసలివాళ్లకు కింది అంతస్తులోనే గది ఇవ్వండి.