యుటిలిటీలో ఒకదానిపై ఒకటి – 3వ పాఠం: నేల వాలు, నాలుగు కాళ్లు

కిందటి పాఠంలో విజయనగరం తోటపాలెంలోని ఒక అపార్ట్‌మెంట్ యుటిలిటీకి, అంటే బట్టలు ఉతుక్కునే చోటుకు, కొలతలు తీశాం. వెడల్పు మూడడుగులు, పొడవు నాలుగున్నర. కింద ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్, పైన డ్రైయర్ పెట్టడానికి చోటు చాలుతుందని తేలింది. ఈ రోజు రెండింటినీ నిలబెడదాం. టాప్ లోడ్ మెషిన్ ఉన్నవాళ్లకు ఇది కుదరదు, మూత పైకి తెరుచుకుంటుంది కాబట్టి.

ముందు నేల సంగతి. యుటిలిటీ నేల సమంగా ఉండదు, ఉండకూడదు కూడా. నీళ్లు నహానీ ట్రాప్ (నేలలో నీళ్లు బయటికి పోయే జాలీ) వైపు పోవాలని మేస్త్రీ కావాలనే వాలు ఇస్తాడు. ఈ ఇంట్లో ట్రాప్ వెనక కుడి మూలన ఉంది, వాలు అడుగుకు పావు అంగుళం. మెషిన్ లోతు రెండడుగులు. అంటే వెనక కాళ్ల దగ్గర నేల అర అంగుళం కిందికి ఉంది. కాళ్ల మర తిప్పి ఆ తేడా సర్దేయొచ్చు అంటారు చాలామంది. ఒక్క మెషిన్ అయితే సరే. పైన 45, 50 కిలోల డ్రైయర్ కూర్చుని, కింద డ్రమ్ నిమిషానికి 1200 చుట్లు తిరిగేటప్పుడు, బాగా బయటికి లాగిన కాలు ఊగుతుంది. చెక్క ముక్కలు, మడత పెట్టిన అట్టలు అసలు వద్దు. తడికి మెత్తబడతాయి.

నా మాట వింటే చిన్న సిమెంటు దిమ్మ కట్టించండి. ముందు వైపు 2 అంగుళాలు, వెనక రెండున్నర, పైభాగం మట్టంగా. ట్రాప్ నోరు మూసుకుపోకుండా, శుభ్రం చేయడానికి చెయ్యి పట్టేలా చూసుకోవాలి. వారం రోజులు నీళ్లు పట్టాకే మెషిన్ ఎక్కించాలి.

దిమ్మ ఎత్తుగా ఉంటే నీళ్లు తగలవని కొందరు ఆరంగుళాలు కట్టిస్తారు. అక్కడే ఇబ్బంది. వాషింగ్ మెషిన్ 85 సెంటీమీటర్లు, డ్రైయర్ 85, మధ్యలో రెండింటినీ కలిపి పట్టి ఉంచే స్టాకింగ్ కిట్. మొత్తం దాదాపు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. డ్రైయర్ బటన్లు దాని పైఅంచు దగ్గర ఉంటాయి. బట్టలు వేసేది నాలుగడుగుల పదకొండు అంగుళాల అత్తగారైతే, ఆరంగుళాల దిమ్మ మీద ఆ బటన్లు ఆవిడకు కనబడవు. ఇంట్లో అందరికంటే పొట్టివాళ్లను నిలబెట్టి, చెయ్యెత్తించి చూశాకే మేస్త్రీకి ఎత్తు చెప్పండి.

ఇక మెషిన్. వెనక ఉన్న ట్రాన్సిట్ బోల్టులు విప్పారా? అవి ప్రయాణంలో డ్రమ్ కదలకుండా బిగించినవి. వాటితో నడిపితే మెషిన్ గెంతుతుంది. విప్పి దాచుకోండి, ఇల్లు మారేటప్పుడు కావాలి.

మెషిన్ పైన రసమట్టం (స్పిరిట్ లెవెల్) అడ్డంగా పెట్టండి, తర్వాత నిలువుగా. బుడగ మధ్యకు వచ్చేదాకా ఒక్కో కాలూ కొద్దికొద్దిగా తిప్పండి. వచ్చాక ఎదురెదురు మూలల మీద అరచేతులు పెట్టి నొక్కండి. టక్ మని చప్పుడైతే ఒక కాలు గాల్లో ఉన్నట్టే. బుడగ మధ్యలో ఉన్నా సరే, ఆ కాలు దించాల్సిందే. నాలుగూ ఆనాక ఒక్కో కాలి మర మీద ఉండే లాక్ నట్‌ను మెషిన్ బాడీ వైపు పానాతో బిగించండి. ఈ నట్ వదిలేస్తే కంపనానికి కాలు తనంతట తానే తిరుగుతుంది, నెల తిరక్కుండా మళ్లీ మొదటికొస్తుంది. కళింగపట్నం, భీమిలి లాంటి సముద్రపు గాలి తగిలే చోట కాళ్ల మరకు కాస్త గ్రీజు రాయండి.

డ్రైయర్ ఎక్కించకముందే ఖాళీ మెషిన్‌ను ఫుల్ స్పిన్‌లో ఒకసారి తిప్పి చూడండి. చోటు నుంచి జరిగితే మళ్లీ కాళ్ల దగ్గరికే వెళ్లాలి.

స్టాకింగ్ కిట్ మాత్రం మీ మెషిన్ కంపెనీదే, మీ మోడల్‌కు పనికొచ్చేదే కొనండి. పై మూత అంచులు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. లోతు తక్కువ ఉన్న స్లిమ్ మెషిన్ మీద పెద్ద డ్రైయర్ పెట్టొద్దు. ఎత్తడానికి ఇద్దరు కావాలి, మూడో మనిషి వైరు పట్టుకుంటే ఇంకా మంచిది. కిట్ గాడిలో డ్రైయర్ కాళ్లు కూర్చోబెట్టి, వెనక ఆపు తగిలేదాకా నెట్టి, ముందు స్క్రూలు బిగించాలి.

డ్రైయర్ ప్లగ్ ఇప్పుడే పెట్టకండి. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు అసలే తగిలించొద్దు. నీళ్లు వేడి చేసేటప్పుడు వాషింగ్ మెషిన్ ఒక్కటే 2000 వాట్ల దాకా లాగుతుంది. రెండో 16 ఆంప్స్ పాయింట్ ఎక్కడ పెట్టించాలో వచ్చే పాఠంలో చూద్దాం. ఈలోగా మీ యుటిలిటీ గోడ మీద ఉన్న పాయింట్‌కు ఎర్త్ వచ్చిందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించి పెట్టుకోండి.