ఇల్లు అమ్మకానికి పెట్టే ముందు గేటు నుంచి హాలు దాకా ఎలా సిద్ధం చేయాలి?

పాతికేళ్ళ నాటి మా ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు మొదట ఒక జంట చూడటానికి వచ్చారు. గేటు గొళ్ళెం తుప్పుపట్టి రాలేదు. మేం తీసేలోపు వాళ్ళు కాంపౌండ్ గోడ మీది చెమ్మ మరకను చూస్తూ నిలబడ్డారు. లోపల బెడ్‌రూమ్‌లు విశాలంగా ఉన్నాయని మెచ్చుకున్నారు కానీ, వెళ్ళేటప్పుడు మళ్ళీ ఆ మరక గురించే అడిగారు. అందుకే నా సలహా ఒక్కటే. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే, ఉన్నంతా గేటు నుంచి హాలు దాకానే పెట్టండి.

1. కొత్తవాళ్ళలా నడిచి రండి

రోడ్డు అవతల నిలబడి ఫోన్‌తో ఇంటి ఫొటోలు తీయండి. రోజూ చూసే కళ్ళకు ఆననివి ఫొటోలో బయటపడతాయి. పిట్టగోడ మీద నాచు, వేలాడే కేబుల్ వైర్లు, ఏళ్ళుగా కదలని స్కూటర్, ఎండిపోయిన కుండీలు. తర్వాత గేటు, వరండా, గుమ్మం, హాలు వరుసగా దాటుతూ కాళ్ళకు ఏది అడ్డం వచ్చిందో రాసుకోండి.

2. చెమ్మ సంగతి ముందు తేల్చండి

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. పెయింటర్‌ను పిలిచి మరక మీద రంగు వేయిస్తారు. నీళ్ళు వచ్చే దారి మూయకపోతే కొన్ని వారాల్లోనే రంగు ఉబ్బి పెచ్చులుగా ఊడుతుంది. కాబట్టి ముందు నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో వెతకండి. టెర్రస్ మీద వాన నీళ్ళ గొట్టం ఆకులతో మూసుకుపోయిందా, ఓవర్‌హెడ్ ట్యాంకు పొర్లి గోడ వెంట జారుతోందా, గోడకు అవతల బాత్రూమ్ పైపు ఉందా చూడండి. లీకు ఆపించాక గోడను బాగా ఆరనివ్వండి. తెల్లగా పేరుకున్న ఉప్పును గీకించి, ఆ తర్వాతే పుట్టీ, ప్రైమర్, రంగు. ఆరడానికి సమయం కావాలి కాబట్టి ఈ పని అన్నిటికంటే ముందు మొదలుపెట్టండి.

బాగుచేయించలేకపోతే దాచకండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాళ్ళు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం తమకు తెలిసి ఉంటే అమ్మేవాళ్ళు దాన్ని చెప్పాలి, వేరే ఒప్పందం లేకపోతే. చట్టం సంగతి అలా ఉంచినా, జీవితకాలం కూడబెట్టిన డబ్బుతో ఇల్లు కొనేవాళ్ళకు నిజం చెప్పడం మన ధర్మం. రిపేరు చేయించి ఉంటే ఆ బిల్లు జాగ్రత్తగా ఉంచి చూపించండి, నమ్మకం పెరుగుతుంది.

3. గేటు, గుమ్మం

ఎమరీ పేపర్‌తో తుప్పు రుద్ది, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసి, ఆరాక ఎనామెల్ పెయింట్ వేయండి. బందులకు నూనె పోయండి. వరండా గోడకు లేత క్రీమ్ లాంటి రంగు చాలు, ముదురు రంగులు వద్దు. చెప్పులన్నీ స్టాండులోకి, లేదంటే గది లోపలికి. గడపకు పసుపు, వాకిట్లో ముగ్గు ఉంటే ఇంట్లో మనుషులు శ్రద్ధగా బతుకుతున్నారని చూడగానే తెలుస్తుంది.

4. వాసన, మరకలు

ఇల్లు కొన్నాళ్ళు తాళం వేసి ఉంటే బాత్రూమ్ నేలలోని ట్రాప్‌లో నీళ్ళు ఆరిపోతాయి. డ్రైనేజీ వాసనను లోపలికి రానివ్వకుండా ఆపేది ఆ నీళ్ళే. కాబట్టి చూపించే ముందు రోజే ఒక్కో చెంబు నీళ్ళు పోయండి. రూమ్ స్ప్రే ఎక్కువ కొడితే ఏదో దాస్తున్నారన్న అనుమానం వస్తుంది. కిటికీలు తెరవడమే మేలు.

బోరు నీళ్ళతో కుళాయిలకు పట్టిన తెల్ల మరకలు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్ళతో పోతాయి. మార్బుల్ మీద మాత్రం వాడకండి, మెరుపు పోతుంది. బ్లీచింగ్ పౌడర్‌తో కలపకండి, విషవాయువు పుడుతుంది.

5. హాలు

హాలులో ఉన్న సామాన్లలో మూడో వంతు తీసేయండి. అటక మీద, సోఫా వెనక కుక్కడం కాదు, ఇంట్లోంచే పంపేయండి. పాత క్యాలెండర్లు, పనిచేయని ట్యూబ్‌లైట్, ఫ్యాన్ రెక్కల మీది దుమ్ము చిన్నవే కానీ తల ఎత్తగానే కనబడతాయి. కుటుంబం ఫొటోలు ఒకటో రెండో ఉంచండి. దేవుడి గదిని కదిలించకండి, శుభ్రంగా ఉంచితే చాలు.

6. చూపించే రోజు

వెలుతురు హాలులోకి ఎప్పుడు వస్తుందో చూసి ఆ సమయానికే రమ్మనండి. లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి ఇంతకుముందు చేతులు మారినప్పటి పాత పత్రాలు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఇంటి పన్ను రసీదు, ప్లాన్ అప్రూవల్ జిరాక్స్‌లు ఒక ఫైల్‌లో పెట్టండి, ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి. అద్దెకున్నవాళ్ళుంటే ఒక రోజు ముందే చెప్పి, వాళ్ళ వీలు కనుక్కోండి. ఇల్లు చూసేవాళ్ళు వచ్చే ముందు గేటు తాళం తీసి ఉంచండి.