ఊరు దాటకుండా వేసవిని నింపుకోవడం ఎలా?

వేసవి మొదలయ్యే ముందు చాలామంది ఒక జాబితా రాసుకుంటారు. చదవవలసిన పుస్తకాలు, చూడవలసిన సినిమాలు, తినవలసిన చోట్లు, వినవలసిన కచేరీలు అని నాలుగు గళ్లు గీసి, గోడకు అంటించి, సెలవులు ముగిసేనాటికి అందులో సగమైనా జరగలేదని నొచ్చుకుంటారు. ఇల్లు అలకగానే పండగ కాదు కదా! ఎన్నో వేసవులు ఊళ్లోనే గడిపినవాడిగా నాకు అర్థమైనది ఏమిటంటే, జాబితాలో తప్పేమీ ఉండదు, దాన్ని రోజుల మీదికి ఎక్కించే వరసలోనే తప్పంతా ఉంటుంది. అందరూ ముందుగా భోజనాల సంగతి తేల్చుకుంటారు, ఎందుకంటే అది తేలిక. కచేరీ సంగతి చివరికి వదిలేస్తారు, ఎందుకంటే టికెట్లు, రాకపోకలు, తోడు వచ్చేవాళ్లు అంటూ దానికి నూరు తలనొప్పులు ఉంటాయి. జరగవలసింది దీనికి సరిగ్గా తలకిందులుగా.

కావలసిన సామాను పెద్దగా లేదు. రోజుకొక పెద్ద గడి ఉండే గోడ క్యాలెండరు, పెన్సిలు, రబ్బరు, భుజానికి తగిలించుకునే సంచి, నీళ్ల సీసా, ఒక జత ఇయర్‌ప్లగ్‌లు ఉంటే చాలు. పెన్ను వాడకూడదు. ఫోనులోని క్యాలెండరును అసలే వాడకూడదు. అందులో ఒక రోజు తెరిస్తే ఆ రోజే కనిపిస్తుంది తప్ప, మూడు నెలల్లో ఏ వారం కిక్కిరిసిందో, ఏ వారం బోసిపోయిందో ఒక్క చూపులో తెలియదు. ఫోను గుర్తుచేస్తుంది కదా అని వాదించేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: గోడ మీద ఉన్నది రోజూ కంటపడుతుంది, దానికి వేరే గంట కొట్టనక్కర్లేదు.

మొదట చేజారిపోయేదాన్ని మొదట రాయండి

కచేరీ ఒక్క రాత్రి జరుగుతుంది, మళ్లీ రాదు. సినిమా కొన్ని వారాలు ఉంటుంది. పార్కు, చెరువుగట్టు, మ్యూజియం ఎక్కడికీ పోవు గానీ వాటికి సరైన వేళలు తక్కువ. భోజనశాల రోజూ తెరిచే ఉంటుంది. పుస్తకం మాత్రం ఏళ్ల తరబడి మీకోసం ఓపికగా ఎదురుచూస్తుంది. కాబట్టి క్యాలెండరులో ముందు కచేరీలు, తరువాత సినిమాలు, ఆ తరువాత బయటి తిరుగుళ్లు, వాటికి అతుక్కుని భోజనాలు, మిగిలిన ఖాళీలన్నిటిలో పుస్తకాలు. వారానికి రెండు సాయంత్రాలకు మించి నింపవద్దు. మూడో సాయంత్రం రాసినవాళ్లెవరూ దాన్ని సంతోషంగా గడపగా నేను చూడలేదు.

టికెట్టు చేతికి రాకముందే ఆ రాత్రి భోజనానికి బల్ల బుక్ చేసి, పదిమందికి కబురు పెట్టేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది ఆ వ్యవహారం.

పుస్తకాలు, సినిమాలు

పుస్తకాల లెక్క తేలికే గానీ దాన్ని వేసేవాళ్లే తక్కువ. మీరు చదవదలచుకున్న పుస్తకంలోంచి పది పేజీలు గడియారం చూసుకుని చదవండి. వాటికి 20 నిమిషాలు పట్టిందనుకుందాం, అంటే గంటకు 30 పేజీలు. రోజుకు అరగంట చొప్పున 90 రోజులకు 45 గంటలు, 1350 పేజీలు. మామూలు పరిమాణంలో ఉన్న పుస్తకాలైతే నాలుగో ఐదో వస్తాయి. పన్నెండు పుస్తకాలు పేర్చుకున్నవాళ్లు ఈ లెక్క చూశాక ఎనిమిదింటిని బీరువాలో పెట్టేయాలి. కళ్లెదుట పేర్చిన దొంతర చదవాలన్న ఉత్సాహాన్ని పెంచదు, అప్పులవాడిలా నిలదీస్తుంది.

సినిమాకు వెళ్తే తెర వెడల్పుకు సుమారు ఒకటిన్నర రెట్ల దూరంలో, మధ్య సీటులో కూర్చోండి. చాలా హాళ్లలో అది వెనక మూడో వంతు మొదలయ్యే చోట ఉంటుంది. అక్కడ తెర మీ చూపులో 36 డిగ్రీల మేర పరుచుకుంటుంది. మొదటి వరసల్లో మెడ పడుతుంది, చివరి వరసలో కూర్చుంటే ఇంట్లో టీవీ చూసినట్టే ఉంటుంది. ఆరుబయట వేసే సినిమా అయితే సూర్యుడు అస్తమించగానే తెర కనిపిస్తుందని ఆశపడవద్దు. సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల కిందికి దిగేదాకా ఆకాశంలో వెలుగు గట్టిగానే ఉంటుంది, ఆ వెలుగులో చీకటి దృశ్యాలన్నీ బూడిదరంగు మరకల్లా కనిపిస్తాయి. భూమధ్యరేఖకు దగ్గరి ఊళ్లలో ఆ వ్యవధి అరగంట లోపే, దూరం వెళ్లేకొద్దీ వేసవిలో అది బాగా సాగుతుంది.

పగటి తిరుగుళ్లు

ఇక్కడ ఒకే నియమం ఉంది: మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నంతసేపు ఆరుబయట తిరగవద్దు. నీడ మనిషి ఎత్తుకంటే తగ్గిందంటే సూర్యుడు 45 డిగ్రీలకు పైన ఉన్నాడని అర్థం. అతినీలలోహిత కిరణాలు గట్టిగా తగిలే వేళ అదే. అయితే ఎండ తీవ్రతా, గాలి వేడీ ఒకటి కావు. నేల వేడెక్కి ఆ వేడిని గాలికి ఇవ్వడానికి సమయం పడుతుంది కనుక నడిమధ్యాహ్నం దాటిన రెండు మూడు గంటలకు గాని గాలి వేడి శిఖరానికి చేరదు. పన్నెండు దాటింది, ఇక చల్లబడుతుందిలే అని రెండింటికి బయలుదేరేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. మ్యూజియాలు, గ్రంథాలయాలు ఆ వేళకే పనికొస్తాయి. పార్కులను తెల్లవారుజాముకు వదిలేయండి.

కచేరీ సాయంత్రం

ఇప్పటిదాకా చెప్పినవాటిలో పొరపాటు జరిగినా మరో రోజు దిద్దుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్పవలసి ఉంది. ముఖ్యంగా ఆరుబయట, సీటు నంబర్లు లేకుండా జరిగే కచేరీల గురించి చెబుతున్నాను, ఎందుకంటే నిలబడవలసిన చోటును మీరే ఎంచుకోవాలి, ఎంపిక తప్పితే రెండు గంటలూ దండగ.

చేరగానే వేదిక వైపు చూడకండి. వెనక్కి తిరిగి, జనం మధ్యలో ఎక్కడో గుడారం కింద మీటల బల్ల ముందు నిలబడిన సౌండ్ ఇంజనీరును వెతకండి. ఆయన గాత్రాన్నీ వాయిద్యాలనూ తన చెవికి వినిపించేదాన్ని బట్టే సరిచేస్తాడు. కాబట్టి ఆ రాత్రి మైదానం మొత్తంలో సంగీతం సరైన పాళ్లలో వినిపించేది ఆయన నిలబడిన చోటే. ఆ గుడారానికి రెండు మూడు అడుగులు ముందు, ఎవరి దారికీ అడ్డం రాకుండా నిలబడండి. వేదికను ఆనుకుని నిలబడాలని తోసుకునేవాళ్లకు గాయకుడి ముఖం కనిపిస్తుంది, నిజమే. కానీ పెద్ద స్పీకర్లు వాళ్ల తలల మీదుగా దూరానికి గురిపెట్టి ఉంటాయి, వాళ్లకు వినిపించేది వేదిక మీది డ్రమ్ముల మోత, పక్కనే ఉన్న బాస్ స్పీకర్ల గుబగుబ. పాట చూడటానికి వచ్చారా, వినడానికి వచ్చారా అని నాకు వాళ్లను అడగాలనిపిస్తుంది.

మరీ వెనక్కి వెళ్లడం కూడా పొరపాటే. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మీరు వేదికకు 100 మీటర్ల దూరంలో ఉంటే డ్రమ్ము మీద కర్ర పడటం కనిపించిన తరువాత సెకనులో మూడో వంతుకు ఆ దెబ్బ వినిపిస్తుంది. చేతులు ఒక తాళంలో, చప్పుడు మరో తాళంలో నడిచే ఆ చోట పావుగంట నిలబడేసరికి మనసు పాట నుంచి తప్పుకుంటుంది. దూరంగా మరో వరస స్పీకర్లు పెట్టిన మైదానాల్లో ఈ ఆలస్యం ఇంకా చిత్రంగా ఉంటుంది, ఎందుకంటే దగ్గరి స్పీకరుకు, వేదిక స్పీకరుకు పొత్తు కుదరకపోతే ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది. అలా వినిపిస్తే పది అడుగులు ముందుకో పక్కకో జరగండి, తరచుగా అంతతోనే సర్దుకుంటుంది.

గాలిని కూడా గమనించాలి. వేదిక వైపు నుంచి మీ వైపుకు గాలి వీస్తుంటే ధ్వని కిందికి వంగి మిమ్మల్ని చేరుతుంది, ఎదురుగాలిలో అది పైకి వంగి తలల మీదుగా పోతుంది. మండే మధ్యాహ్నం నేల దగ్గరి గాలి వేడిగా ఉంటుంది కనుక అప్పుడూ ధ్వని పైకే వంగుతుంది, రాత్రి నేల చల్లబడ్డాక కిందికి వంగి ఎక్కువ దూరం వెళ్తుంది. సాయంత్రం ఐదింటికి పలచగా వినిపించిన చోటే తొమ్మిదింటికి నిండుగా వినిపించడానికి కారణం ఇదే. మొదటి రెండు పాటలు బాగా వినిపించలేదని చోటు మార్చి, మార్చి, చివరికి ఎక్కడా నిలవకుండా తిరిగేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇక చెవుల సంగతి. 85 డెసిబెల్ల ధ్వనిని రోజుకు 8 గంటల వరకు వినవచ్చని, ఆపైన ప్రతి 3 డెసిబెల్లకూ ఆ వ్యవధి సగమవుతుందని ఒక ప్రామాణిక లెక్క ఉంది. ఆ లెక్కన 100 డెసిబెల్ల దగ్గర మిగిలేది పావుగంట. కచేరీ స్థలాల్లో ధ్వని 15 నిమిషాల సగటున 100 డెసిబెల్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పిన ప్రమాణం కూడా చెవులకు రక్షణ, విశ్రాంతి ఉండాలన్న షరతులతో కలిపి చదవవలసిందే. ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుంటే సంగీతం పాడవుతుందనే మాట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. అలా అనేవాళ్లలో ఎక్కువమంది వాటిని సగమే దూర్చుకున్నవాళ్లు.

వాటిని పెట్టుకునే తీరు ఇది. శుభ్రమైన చేతివేళ్ల మధ్య ఫోము ముక్కను ముడతలు పడకుండా, సన్నటి వత్తిలాగా చుట్టాలి. కుడి చెవికైతే ఎడమ చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిడొప్పను పైకీ వెనక్కీ లాగాలి, అప్పుడు లోపలి దారి తిన్నగా అవుతుంది. వత్తిని లోపలికి జొనిపి, అది ఉబ్బి దారిని నింపేదాకా అర నిమిషం వేలితో పట్టి ఉంచాలి. మీ గొంతు మీకే కుండలో మాట్లాడినట్టు బొంగురుగా వినిపిస్తే సరిగా కూర్చున్నట్టు. ఫోము ముక్కలు పై స్వరాలను ఎక్కువగా తగ్గిస్తాయి కనుక గాత్రం కొంచెం మందంగా వినిపించే మాట నిజమే. సంగీతం కోసం తయారుచేసినవి అన్ని స్వరాలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి, తరచుగా వెళ్లేవాళ్లు అవే కొనుక్కోవాలి. దూది ఉండలు ఎందుకూ పనికిరావు. మొదటి పాటకు ముందే పెట్టుకోండి. చెవులు గింగుర్లెత్తాక పెట్టుకోవడం వాన వెలిశాక గొడుగు తెరవడమే.

ఒకసారి నేను ఇవన్నీ పాటించి కూడా కచేరీని పోగొట్టుకున్నాను, కారణం భోజనం. ఆరింటికి కూర్చున్న బల్ల దగ్గర వంటకాలు ఒక్కొక్కటిగా నింపాదిగా వచ్చాయి, బిల్లు మరింత నింపాదిగా వచ్చింది. మైదానం చేరేసరికి మూడో పాట నడుస్తోంది, కడుపు నిండి కళ్లు మూతలు పడుతున్నాయి, సౌండ్ గుడారం చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. అప్పటినుంచి కచేరీకి రెండు గంటల ముందు ఇంట్లోనే ఏదైనా తేలికగా తిని బయలుదేరుతున్నాను, అసలు భోజనం కచేరీ తరువాతే.

ఆ తరువాతి భోజనం

రాత్రి భోజనానికి చోటు ఎంచుకునేటప్పుడు ఎప్పుడు మూస్తారు అని అడగకండి, ఆఖరి ఆర్డరు ఎప్పటిదాకా తీసుకుంటారు అని అడగండి. తలుపులు తెరిచి ఉండగానే వంటగది ఆరిపోయే చోట్లు చాలా ఉంటాయి.

చోటు నిశ్శబ్దంగా ఉండాలి. చుట్టూ చప్పుడు పెరిగినప్పుడు మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎత్యేన్ లోంబార్ 1911లోనే ప్రకటించాడు. పది బల్లల వాళ్లూ అలా ఒకరి మీద ఒకరు గొంతు పెంచుకుంటూ పోతే ఆ హాలు మరో కచేరీ అవుతుంది, అదీ శ్రుతి లేని కచేరీ. అప్పటికే అలసిన చెవులకు అది మంచిది కాదు. గచ్చు నేల, అద్దాల గోడలు, ఎత్తైన కప్పు ఉన్న చోట్లు ఫొటోలో ఎంత అందంగా ఉన్నా మానుకోండి. తెరలు, మెత్తటి కుర్చీలు ఉన్న పాత హాలులో, గోడ వారగా ఉన్న మూల బల్లను ముందే అడిగి పెట్టుకోండి.

కచేరీ ముగియగానే ద్వారం వైపు పరుగెత్తవద్దు. పావుగంట ఆగితే జనం పలచబడతారు, మీరూ పాట నుంచి మెల్లగా బయటికి వస్తారు. బల్ల బుక్ చేసేటప్పుడే ఆ పావుగంటను, నడక సమయాన్ని కలిపి చెప్పండి. ఇంటికి చేరాక క్యాలెండరులో ఆ రోజు గడిలో, ఎవరి కచేరీ అన్నదానితోపాటు ఎక్కడ నిలబడ్డారో, గాలి ఎటునుంచి వీచిందో పెన్సిలుతో రెండు ముక్కలు రాసి పెట్టుకోండి. అదే మైదానానికి మళ్లీ వెళ్లవలసి వచ్చినప్పుడు ముందుగా చూడవలసింది ఆ గడినే.