కోర్టు ఉత్తర్వు చదవడం – 4వ పాఠం: ఎవరూ అడగకుండానే

పోయిన పాఠంలో ఉత్తర్వు మొదటి పేజీలో పిటిషనర్, రెస్పాండెంట్ పేర్లు ఎక్కడుంటాయో చూశాం. ఈసారి పిటిషనరే లేని ఉత్తర్వు సంగతి. పేరుండాల్సిన చోట ‘ఇన్ రీ’ అని, పక్కన విషయం పేరు కనిపిస్తే అది కోర్టు తనంతట తానే మొదలుపెట్టిన కేసు కావచ్చు. కేసు నంబరు ముందు ‘సుమోటో’ (అంటే తనంతట తానే) అని కూడా ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

పేపర్లు మాత్రం ఈ మాటను కాస్త ధారాళంగా వాడేస్తాయి. తిహార్ జైలు నుంచి ఖైదీ సునీల్ బాత్రా రాసిన ఉత్తరాన్ని సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది. అక్కడ అడిగిన మనిషి ఉన్నాడు, పద్ధతి ప్రకారం పిటిషన్ వేయలేదంతే. నేనైతే దాన్ని సుమోటో లెక్కలో వేయను.

అసలు నేర్చుకోవాల్సింది పేపర్లకెక్కని రకం గురించి. కేసు ఎవరో వేసిందే, కానీ అందులో ఎవరూ ఎత్తని పాయింటును జడ్జి ఎత్తుతారు. ప్రోనోటు దావా తీసుకోండి. అడిగిన వెంటనే చెల్లించాల్సిన నోటు మీద దావాకు గడువు, నోటు తేదీ నుంచి 3 ఏళ్లు. వాది ఐదో ఏట వచ్చాడు. నోటు వెనక చెల్లు (కొంత బాకీ కట్టినట్టు రాసిన రాత) లేదు, బాకీ ఒప్పుకుంటూ రాసిచ్చిన కాగితమూ లేదు. ప్రతివాది ‘ఆ సంతకం నాది కాదు’ అంటూ కూర్చున్నాడే తప్ప గడువు మాటే ఎత్తలేదు. అయినా సరే, 1963 లిమిటేషన్ చట్టం 3వ సెక్షన్ ప్రకారం కోర్టు ఆ దావాను కొట్టేయాల్సిందే. కొట్టేయవచ్చు కాదు, కొట్టేయాలి.

చాలామంది తడబడేది ఇక్కడే. 1971 కోర్టు ధిక్కార చట్టం 15వ సెక్షన్ చూడండి: సుప్రీంకోర్టు, హైకోర్టులు తమంతట తాము చర్య తీసుకోవచ్చు, ఊరుకోనూవచ్చు. అందుకే సెక్షన్ తెరవగానే క్రియాపదం కింద గీత గీయండి.

తర్వాత చూడాల్సింది, జడ్జి తానుగా ఎత్తిన పాయింటు మీద రెండు పక్షాల మాటా విన్నారా అని. అడగకుండా తీర్పులో హఠాత్తుగా ఊడిపడితే అప్పీలుకు దారి దొరికినట్టే. మేజిస్ట్రేటు తనకు తెలిసిన సంగతి మీద తానే కేసు తీసుకుంటే చట్టం ఇంకా గట్టిగా ఉంది. వేరే కోర్టులో విచారణ కోరే హక్కు ఉందని, సాక్ష్యం మొదలుకాకముందే నిందితుడికి చెప్పాలి.

మళ్లీ గడువు దగ్గరికి వద్దాం. కోవిడ్ వల్ల జనం కోర్టుదాకా రాలేని పరిస్థితి చూసి, 2020 మార్చి 23న సుప్రీంకోర్టు సుమోటోగా గడువులన్నీ పొడిగించింది. చివరికి 2022 జనవరి 10 ఉత్తర్వులో లెక్క తేల్చింది. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా నడిచిన కాలాన్ని లెక్కించకూడదు. ఆ మధ్యలో గడువు తీరినవాళ్లకు 2022 మార్చి 1 నుంచి 90 రోజులు, మిగిలిన గడువు అంతకన్నా ఎక్కువుంటే ఆ మిగిలిన గడువు. దీన్ని కూడా కింది కోర్టు ఎవరూ గుర్తుచేయకుండానే చూసుకోవాలి మరి.

అభ్యాసం: నోటు తేదీ 2017 మార్చి 20. చెల్లు లేదు. దావా వేసింది 2022 ఏప్రిల్ 25న. ప్రతివాది కోర్టుకే రాలేదు. 3వ సెక్షన్ కింద కొట్టేయాలా? కాగితం మీద రోజులు లెక్కేసి, జడ్జి స్థానంలో ఉంటే మీరిచ్చే ఉత్తర్వు రెండు వాక్యాల్లో రాయండి. జవాబు 5వ పాఠం మొదట్లో ఉంటుంది.