ఎమ్యులేటర్‌కి వేగం – 3వ పాఠం: వర్చువలైజేషన్ ఆన్ చేయడం

గత పాఠంలో ఆండ్రాయిడ్ స్టూడియో ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లోనే ఫోన్‌ని నడిపే ప్రోగ్రామ్) తయారు చేసుకున్న వర్చువల్ ఫోన్ హోమ్ స్క్రీన్ దాకా రావడానికే ఆయాసపడుతోందా? ర్యామ్ కొందామని సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీకి అప్పుడే బయల్దేరకండి.

వర్చువలైజేషన్ లేకపోతే ఫోన్ ఇచ్చే ప్రతి ఆదేశాన్నీ ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్‌తో తర్జుమా చేసుకుంటూ కూర్చుంటుంది. ఇంటెల్‌లో వీటీ-ఎక్స్, ఏఎండీలో ఏఎండీ-వీ అనే వర్చువలైజేషన్ సౌకర్యం పనిచేస్తుంటే ఆ ఆదేశాలు నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తాయి. అయితే ఈ రెండు ప్రాసెసర్లకీ సిస్టమ్ ఇమేజ్ (వర్చువల్ ఫోన్‌లో నడిచే ఆండ్రాయిడ్ ఫైలు) ఎక్స్86-64 రకానిదై ఉండాలి. మామూలు ఫోన్ ప్రాసెసర్ల రకమైన ఆర్మ్ ఇమేజ్ దించుకుంటే ఏం ఆన్ చేసినా లాభం లేదు.

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, సీపీయూ. కింద ‘వర్చువలైజేషన్: డిసేబుల్డ్’ అని ఉంటే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే కంప్యూటర్ సెట్టింగులు) వెళ్లాల్సిందే.

కానీ ముందు డిస్కుకి తాళం వేసే విండోస్ సౌకర్యం బిట్‌లాకర్ సంగతి చూసుకోండి. బయోస్‌లో మార్పు చేశాక విండోస్ ఒక్కోసారి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది చేతిలో లేకపోతే మీ ఫైళ్లు మీకే అందవు. కీ రాసి పెట్టుకున్నాకే రీస్టార్ట్ చేయండి. అది మొదలవుతుండగా బయోస్‌లోకి వెళ్లే మీట నొక్కాలి: డెల్‌లో సాధారణంగా ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10. ఇంటెల్ అయితే ‘ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ’ అని, ఏఎండీ అయితే ‘ఎస్‌వీఎం మోడ్’ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేసి సేవ్ చేయండి. కొన్ని డెస్క్‌టాప్ బోర్డుల్లో ఇది ఓవర్‌క్లాకింగ్ మెనూలో దాక్కుంటుంది, ఎందుకో వాళ్లకే తెలియాలి. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లు బయోస్ పాస్‌వర్డ్ తీయించాకే డబ్బు ఇవ్వండి. హైటెక్ సిటీ ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీ వాళ్లకి టికెట్ పెట్టడమే మార్గం.

తర్వాత స్టార్ట్‌లో ‘టర్న్ విండోస్ ఫీచర్స్’ అని వెతికి, ‘విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్’కి టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. జాబితాలోని ‘వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్’ వేరు, పేరు చూసి పొరబడొద్దు. పాత వీడియోలు ఎమ్యులేటర్ వేగం కోసం ఇంటెల్ ఇచ్చిన హ్యాక్స్‌ఎమ్ వేసుకోమంటాయి. ఇంటెల్ 2023లోనే దాన్ని ఆపేసింది, దాని జోలికి పోకండి.

ఉబుంటులో (లినక్స్) అయితే ఇదే పని చేసే కేవీఎం కెర్నల్‌లోనే, అంటే సిస్టమ్ మూలభాగంలోనే ఉంటుంది. ‘పర్మిషన్ డినైడ్’ వస్తే మీ యూజర్‌ని కేవీఎం గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. లాగౌట్ కాకపోతే అదే ఎర్రర్ మళ్లీ ఎదురవుతుంది.

ఇప్పుడు ఆండ్రాయిడ్ స్టూడియోలోని డివైస్ మేనేజర్‌లో (విండోస్‌ది కాదు) మీ వర్చువల్ ఫోన్‌ని ఎడిట్ చేసి గ్రాఫిక్స్‌ని ‘హార్డ్‌వేర్’కి మార్చండి. ర్యామ్ 2 జీబీ చాలు. 8 జీబీ మెషీన్‌లో ఫోన్‌కే 4 జీబీ ఇచ్చేస్తే విండోస్ ర్యామ్ చాలక డిస్కుని వాడుకుంటూ, రెండూ నత్తనడక నడుస్తాయి. తెర నల్లగానే ఉండిపోతే గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేయండి. అప్పటికీ తేడా లేకపోతే ‘సాఫ్ట్‌వేర్’కి దిగండి.

మార్పులయ్యాక ‘కోల్డ్ బూట్ నౌ’ ఇవ్వండి, లేకపోతే పాత స్నాప్‌షాట్ (ఫోన్ ఇంతకుముందు దాచుకున్న స్థితి) లేస్తుంది. స్నాప్‌షాట్ల సంగతి 4వ పాఠంలో.