టెన్షన్ వల్ల నెలసరి తప్పుతుంటే ఏం చేయాలి?

గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేసే అమ్మాయిలు, అశోక్‌నగర్ హాస్టళ్లలో గ్రూప్స్‌కు చదివేవాళ్లు తరచూ అనే మాట ఒకటుంది: "ఈ నెల కూడా డేట్ రాలేదు." వెంటనే అండాశయంలోనే ఏదో లోపముందని బెంగపడతారు. చాలాసార్లు కథ మొదలయ్యేది మెదడులో.

మెదడులోని హైపోథాలమస్ సుమారు గంట, గంటన్నరకోసారి ఒక హార్మోన్‌ను వదులుతుంది. దాంతో పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే హార్మోన్లను పంపుతుంది. అండం ఎదిగి విడుదలయ్యేది వాటివల్లే. ఒత్తిడి వారాల తరబడి సాగితే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగి, పైనుంచి వచ్చే ఆ సంకేతాలు మందగిస్తాయి. అప్పుడు అండం ఆలస్యంగా విడుదలవుతుంది, ఒక్కోసారి అసలు కాదు. దానికి తిండి తగ్గించడం కూడా తోడైతే నెలసరి పూర్తిగా ఆగిపోవచ్చు.

1. ముందు పరీక్షలు. గర్భం వచ్చే అవకాశముంటే మొదట ఆ టెస్ట్ చేసుకోండి. మూడు నెలలు నెలసరి రాకపోయినా, 21 రోజులలోపే లేదా 35 రోజులు దాటి వస్తున్నా గైనకాలజిస్ట్‌ను కలవండి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాల ఉత్పత్తికి సంబంధించిన హార్మోన్), పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయ సమస్య) సంగతి తేలకుండా "టెన్షనే లెమ్మా" అని ఎవరన్నా ఒప్పుకోకండి. ఖర్చుకు వెనకాడితే హైదరాబాద్‌లో కోఠి, పేట్లబుర్జు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులున్నాయి.

2. తేదీలు రాయండి. పక్కనే ఆ నెల నిద్ర, షిఫ్ట్ మార్పులు, బరువు కూడా రాస్తే డాక్టర్‌కు సగం పని తేలికవుతుంది.

3. కడుపునిండా తినండి. నా దృష్టిలో అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. పొద్దున టీ, మధ్యాహ్నం బిస్కెట్లు, సాయంత్రం గంటసేపు జిమ్ అంటే శరీరానికి అది కరువే. ఒంట్లో శక్తి చాలనప్పుడు మెదడు ముందుగా ఆపేవాటిలో అండం విడుదల ఒకటి. షిఫ్ట్ ఏదైనా మూడు పూటలా పప్పు, గుడ్డు, పెరుగు ఉండేలా చూసుకోండి. బరువు తగ్గాల్సిన అవసరముంటే డాక్టర్ సలహాతో, నిదానంగా తగ్గండి.

4. నిద్రవేళ మార్చకండి. నైట్ షిఫ్ట్ తప్పనిసరైతే పగలు గదిని చీకటి చేసుకుని, రోజూ ఒకే సమయానికి పడుకోండి.

5. నెమ్మదిగా ఊపిరి వదలండి. పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదిలితే గుండె వేగం తగ్గి, నరాల ఉద్రేకం శాంతిస్తుంది. రోజుకు ఐదు నిమిషాలు చాలు. ఇదొక్కటే నెలసరిని సరిచేస్తుందని మాత్రం అనుకోకండి.

దిగులు రోజుల తరబడి వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.